‘పాత ఇళ్లకు ఆర్‌సీసీబీ ఆగదు’ అన్న మాట నమ్మొచ్చా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరం రాశారు. వాళ్లది నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మామగారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1972లో తన సంపాదనతో కింది వాటా కట్టుకున్నారు, 1988లో పైన ఇంకో వాటా వేశారు. కింద వీళ్లుంటారు. పైన చంటిబిడ్డతో ఒక జంట అద్దెకుంటోంది.

కింద గోడల మీద టేకు బద్దలు కొట్టి, వాటిపై క్లిప్పులతో బిగించిన వైరింగే ఇప్పటికీ ఉంది. పై వాటాలో గోడల లోపలి పైపుల్లోంచి లాగిన అల్యూమినియం వైర్లు. మెయిన్ బోర్డులో పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులు. గీజరు, గ్రైండరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయేది. మామగారికి చూపు ఆనక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, అతను ఫ్యూజు తీగ రెండు పోగులు వేసి ‘ఇక పోదమ్మా’ అని వెళ్లాడు. నిజంగానే పోవడం లేదు. కానీ హాల్లో స్విచ్‌బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది.

మూడేళ్ల కిందట తుప్పు పట్టిన ఇనుప నీళ్ల పైపులు తీసేసి ప్లాస్టిక్ పైపులు వేయించారు. ఆ తర్వాత్నుంచి వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. గీజరు వేసినప్పుడు బాత్‌రూమ్ కొళాయి కూడా అంతే. గత నెల ఎనిమిదేళ్ల బాబు తడి కాళ్లతో వెళ్లి మెషీన్ పట్టుకుని, షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు. రెండో ఎలక్ట్రీషియన్ వచ్చి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే సరఫరా తీసేసే స్విచ్) పెట్టాడు. అది మాటిమాటికీ పడిపోయింది, వాన కురిసిన రోజు అసలు నిలవనే లేదు. ‘పాత ఇళ్లకు ఇది ఆగదు, మొత్తం వైరింగ్ మార్చాలి, రెండు లక్షల పైనే అవుతుంది’ అని చెప్పి అతనే దాన్ని తీసేశాడు.

ఇక ఇంట్లో పరిస్థితి. ‘యాభై ఏళ్లుగా ఏమీ కాలేదు, నేనున్నంతవరకు గోడ కొట్టడానికి వీల్లేదు’ అంటారు మామగారు. ‘రెండేళ్లలో ప్రమోటర్‌కి (కూల్చి కొత్తగా కట్టే బిల్డర్‌కి) ఇచ్చేసే ఇంటికి ఇప్పుడెందుకు ఖర్చు’ అంటారు భర్త. హైదరాబాద్‌లో ఉండే బావగారు తనకు చెప్పకుండా ఇంటి మీద రూపాయి పెట్టొద్దన్నారట. ‘అందరూ నాకు లేనిపోని టెన్షన్ అంటున్నారు. నాది ఉత్త భయమేనా? కాకపోతే ఈ ముగ్గురి మధ్య నేనేం చేయగలను?’ అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీది ఉత్త భయం కాదు. మీ ఉత్తరంలో మీరు రాసిన విషయాలే ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. వివరంగా మాట్లాడుకునే ముందు ఒక పని చేయండి. గీజరు, వాషింగ్ మెషీన్ రెండూ వాడడం ఆపేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. పాత వైరింగ్‌లో స్విచ్‌ను ఫేజ్‌కి (కరెంటు తెచ్చే తీగకు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద పెట్టిన సందర్భాలు చాలా ఉంటాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా వస్తువులోకి కరెంటు వస్తూనే ఉంటుంది. అందుకని ప్లగ్గే పీకేయండి. కొన్నాళ్లు నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి.

ఇప్పుడు పైపుల సంగతి చూద్దాం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) కోసం విడిగా గుంత తీసేవారు కాదు. ఇనుప నీళ్ల పైపుకే ఎర్త్ తీగ చుట్టేసేవారు. పైపు ఎలాగూ భూమిలోకి వెళ్తుంది కాబట్టి పని జరిగిపోయేది. మీ ఇంట్లోనూ అలాగే చేసి ఉంటారు. ఇనుప పైపులు తీసి ప్లాస్టిక్‌వి వేసిన రోజునే, ఎవరికీ తెలియకుండా, మీ ఇంటి ఎర్త్ పోయింది. షాక్ కొట్టడం అప్పట్నుంచే మొదలైందని మీరే రాశారు కదా! ఎర్త్ లేని వాషింగ్ మెషీన్ బాడీ మీద, మెషీన్ బాగున్నా కొంత వోల్టేజీ తేలుతుంది. లోపల ఉండే ఫిల్టర్ వల్ల వచ్చే ఆ సన్నని జివ్వుతో పెద్ద ప్రమాదం ఉండదు. కానీ గీజరు ఎలిమెంట్ పాడై నిజంగా కరెంటు లీకవుతున్నా మొదట్లో అదే జివ్వు తగులుతుంది. ముట్టుకుని ఈ రెంటికీ తేడా చెప్పడం ఎవరివల్లా కాదు. బాబు వెనక్కి పడ్డాడంటే మీ ఇంట్లోది ప్రమాదకరమైనదే అనుకుని నడుచుకోవాలి.

ఆర్‌సీసీబీ గురించి మీకు చెప్పిన మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదొక్కటే ఆర్‌సీసీబీ చూస్తుంది. ఇళ్లలో పెట్టేదానిలో ఈ తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కరెంటు తీసేస్తుంది. తగ్గిన కరెంటు ఎక్కడికి పోయినట్టు? గోడ చెమ్మలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోయినట్టు. మీ 15 యాంపియర్ల కిట్‌కాట్ ఫ్యూజు దీనికి 500 రెట్ల కరెంటును చూస్తూ కూడా నిమ్మళంగా ఉంటుంది. మనిషి ప్రాణానికి ఫ్యూజు కాపలా కాదు, అది వైరుకు మాత్రమే కాపలా.

కాబట్టి వానపడ్డ రోజు ఆర్‌సీసీబీ నిలవలేదంటే, తడిసిన గోడలోకి కరెంటు లీకవుతోందని అది మీకు చెప్పింది. చెప్పినదాన్ని తీసేశారు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. 1988లో పై వాటా వేసినప్పుడు దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌కే ఒకదాన్ని ముడేసి ఉంటే, ఒక సర్క్యూట్‌లో వెళ్లిన కరెంటు ఇంకో సర్క్యూట్ న్యూట్రల్‌లో తిరిగొస్తుంది. ఆ రెండూ ఒకే ఆర్‌సీసీబీ కింద లేకపోతే అప్పుడూ పడిపోతుంది. తేల్చుకునే పద్ధతి ఉంది. అన్ని వస్తువులూ పీకేసి స్విచ్‌లన్నీ ఆపినా పడిపోతుంటే వైర్లలోనే లీకేజీ ఉన్నట్టు. అప్పుడు నిలిచి, ఫలానా గదిలో లైటు వేయగానే పడితే న్యూట్రళ్లు కలిసిపోయినట్టు అనుమానించాలి. ఒక్కో సర్క్యూట్ విడదీసి చూడడానికి ఓపికున్న మనిషికి సగం పూట పడుతుంది. ఆ పని చేయకుండా ‘పాత ఇళ్లకు ఆగదు’ అన్నాయన సగం నిజమే చెప్పాడు. వైరింగ్ చెడిందన్నది నిజం. ఆర్‌సీసీబీ తీసేయడం మాత్రం తప్పు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల్లోనూ ఇళ్ల కనెక్షన్లకు 30 మిల్లీయాంపియర్లు మించని లీకేజీ రక్షణ ఉండాలని ఉంది.

ఇక ఫ్యూజు తీగకు రెండో పోగు. దాన్ని ఈ వారమే తీయించండి. 1972లో ఆ ఇంటికి కావలసింది నాలుగు ఫ్యాన్లు, బల్బులు, ఒక రేడియో, ఇస్త్రీ పెట్టె. ఒక్కో లైట్ల సర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు మించకూడదన్నది లెక్క. మీ గీజరు 2,000 వాట్లది అయితే ఒక్కటే సుమారు 9 యాంపియర్లు లాగుతుంది. వైర్లో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడికి కరగాల్సింది ఫ్యూజు. దాన్ని లావు చేసేస్తే ఇక వేడెక్కేది వైరు, బోర్డు. హాల్లో చేతికి తగులుతున్న వెచ్చదనం అదే. కాలిన ప్లాస్టిక్ వాసనో, చేపల కమురు లాంటి వాసనో వచ్చినా, స్విచ్ దగ్గర చిటచిట చప్పుడైనా, తెల్ల ప్లేటు గోధుమరంగుకి తిరిగినా మెయిన్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మళ్లీ వేయకండి.

వైరింగ్ ఎంత పాతబడిందో ఊహతో కాకుండా కళ్లతో చూడొచ్చు. మీరు చేయొద్దు. లైసెన్సు ఉన్న వైర్‌మన్ మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాక, ఆ వెచ్చబడే హాలు బోర్డు విప్పమనండి. పక్కన మీరు, మామగారు నిలబడి చూడండి. లోపలి తీగ ఎర్రగా ఉంటే రాగి, వెండిలా తెల్లగా ఉంటే అల్యూమినియం. అల్యూమినియం మెత్తనిది. స్క్రూ కింద ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి నలిగి వదులవుతుంది. పైకి బూడిదరంగు పొర కడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. ఆ పాయింట్ దగ్గరే వేడి పుడుతుంది, స్క్రూ చుట్టూ బేకలైట్ నల్లబడి ఉంటుంది. రాగి, అల్యూమినియం తీగలు మెలేసి టేపు చుట్టిన ముడి కనిపిస్తే అది ఇంకా చెడ్డది. మన ఊరి చెమ్మలో ఆ రెండు లోహాలు ఒకచోట ఉంటే అల్యూమినియం తినేసినట్టు పోతుంది. తర్వాత వైరును వేళ్ల మధ్య మెల్లగా వంచమనండి. మంచి వైరు వంగుతుంది. టేకు బద్దల మీద వేసిన పాత రబ్బరు తొడుగు అయితే అప్పడంలా పలపలా విరిగి, లోపలి తీగ బయటపడుతుంది. చివరిగా, మూడు పిన్నుల సాకెట్ వెనక మూడో తీగ ఉందా లేదా చూడండి. ఎర్త్ రంధ్రం ముందు నుంచి కనిపిస్తుంది, వెనక తీగే ఉండదు. కొందరు ఇంకో పని చేస్తారు. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కే కలిపేస్తారు. టెస్ట్ లైటు వెలుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే మాత్రం గీజరు బాడీ, మెషీన్ బాడీ అన్నీ 230 వోల్టులకు ఎక్కుతాయి. మీ ఇంట్లో అలా ఎవరైనా కలిపి ఉంటే ముందు దాన్ని విడదీయించండి.

ఆ తర్వాత మెగ్గర్ పరీక్ష. 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ ఇన్సులేషన్ ఎంత పట్టు ఇస్తోందో కొలుస్తారు. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌ను నమ్మకూడదు. టీవీ, ఫ్రిజ్, ఎల్‌ఈడీ బల్బులు ముందే తీసేయాలి, లేకపోతే పాడవుతాయి. మెగ్గర్ లేదన్న మనిషికి ఈ పని ఇవ్వకండి.

నేను మెగ్గర్ గురించి ఇంత పట్టుపట్టడానికి మీ మామగారే కారణం. ఆయన జీవితమంతా ఫిట్టర్‌గా కొలతలతో పనిచేసిన మనిషి. ‘ఇల్లు ప్రమాదంగా ఉంది మామయ్యా’ అంటే తను కట్టిన ఇంటిని తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. ఆయన వేయించిన వైరింగ్ ఆనాటి లోడుకు సరైనదే, అది నిజం, ఆ మాట ఆయనకు చెప్పండి. ‘కోడలు చెప్పిందని వద్దు, మీరే పక్కన కూర్చుని ఒక్కో గది రీడింగు రాయండి’ అని కాగితం, కలం ఆయన చేతికివ్వండి. మీరు పది సార్లు చెప్పినా వినని మనిషి తన చేత్తో రాసుకున్న అంకెను అంత తేలిగ్గా కాదనరు.

కొలతలు చేతికొచ్చాక మీ ముందు మూడు దారులుంటాయి.

మొదటిది తక్కువ ఖర్చుది. కొత్త ఎర్త్ గుంత తీయించడం, కిట్‌కాట్ బోర్డు తీసి ఎంసీబీలు (ఫ్యూజుకు బదులు, లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు), ఆర్‌సీసీబీలు ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టడం. గీజరు, వాషింగ్ మెషీన్, వంటింటికి మాత్రం ఆ బోర్డు నుంచి కొత్త రాగి వైర్లు గోడ మీదే పీవీసీ పైపుల్లో లాగడం. గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, వంటింటి సాకెట్లకు 2.5, వెంట ఆకుపచ్చ ఎర్త్ వైరు. ఏ గోడా కొట్టనక్కర్లేదు, మామగారి మాట నిలుస్తుంది. పాత వైరింగ్ లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే మిగులుతుంది. దాని బరువు చాలావరకు దిగిపోతుంది. కొత్త లైన్లకు ఒక ఆర్‌సీసీబీ, పాతవాటికి వేరే ఆర్‌సీసీబీ పెట్టించండి. పాతదానిలో లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటవదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. వాన రోజు పాత లైట్ల సర్క్యూట్ పడిపోవచ్చు. దాన్ని మళ్లీ ఎవరో వచ్చి ‘తీసేద్దామా’ అంటే ఒప్పుకోకూడదు, పడిన సర్క్యూట్‌ను మార్చుకోవాలి. ఆ క్రమశిక్షణ లేని ఇంట్లో ఈ దారి పనిచేయదు.

రెండోది, కింది వాటా అంతా గోడ మీదే పైపులతో కొత్తగా లాగించడం. పై వాటాలో గోడల లోపలి పైపులు పూడిపోకుండా ఉంటే పాత అల్యూమినియం తీసి, అదే దారిలో రాగి లాగొచ్చు, గోడ తెరవకుండానే. చూడ్డానికి గోడల మీద పైపులు కనిపిస్తాయి, ఖర్చు మొదటిదానికంటే బాగా ఎక్కువ. కానీ టేకు బద్దల మీద పొడిబారిన వైరు ఇంట్లో ఎక్కడా మిగలదు. మెగ్గర్ రీడింగులు సగం గదుల్లో చెడ్డగా వస్తే ఇదే మేలనుకుంటాను.

మూడోది గోడలు కోసి, కొత్త పైపులు పూడ్చి, మొత్తం మార్చడం. ఇంట్లోనే ఉంటూ చేయించడం కష్టం. దుమ్ము, మేస్త్రి, పెయింటింగు అన్నీ తోడవుతాయి. ఈ ఇంట్లోనే ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు ఉండేట్టయితేనే దీని జోలికి వెళ్లండి. మీ వారు చెబుతున్నట్టు ప్రమోటర్ విషయం నిజమైతే ఈ డబ్బు గోడతో పాటు కూలిపోతుంది. ఆ మాట వరకు ఆయన చెప్పింది సబబే.

కానీ మీ వారిని ఒకటి అడగండి. ప్రమోటర్‌తో ఒప్పందం రాసుకున్నారా? అన్నదమ్ముల మధ్య వాటాల మాట తేలిందా? తేలకపోతే ఆ రెండేళ్లు ఎన్నేళ్లవుతాయో ఎవరూ చెప్పలేరు, ఈలోగా బాబు రోజూ అదే బాత్‌రూమ్‌లో స్నానం చేస్తాడు. పైగా మొదటి దారిలో కొనే బోర్డు, ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, గోడ మీది వైర్లు ఇల్లు ఇచ్చేసే రోజు విప్పి తీసుకెళ్లొచ్చు. పోయేది కూలీ, ఎర్త్ గుంత ఖర్చు మాత్రమే.

బావగారి మాటకొస్తే, అది మామగారు స్వార్జితంతో కట్టిన ఇల్లు. ఆయన ఉండగా ఆ ఇంటి విషయంలో నిర్ణయం ఆయనదే, కొడుకులిద్దరిదీ కాదు. కాబట్టి బావగారి అనుమతి కోసం ఆగనక్కర్లేదు. అలాగని చెప్పకుండా చేయడం కూడా మంచిది కాదు, రేపు వాటాల దగ్గర ఇదే పెద్ద గొడవవుతుంది. రీడింగుల కాగితం, నల్లబడ్డ బోర్డు ఫొటో, బాబుకు షాక్ కొట్టిన సంగతి, అంచనా ఖర్చు, అన్నీ మీ వారి చేత వాట్సాప్‌లో పంపించండి. ‘ఇది మరమ్మతు, బిల్లులు దాస్తున్నాం, పంపకాలప్పుడు లెక్క చూసుకుందాం’ అని రాస్తే చాలు. మీరు స్వయంగా మాట్లాడకండి. అన్నదమ్ముల మాట అన్నదమ్ముల మధ్యే ఉండడం ఈ విషయంలో మీకు రక్షణ.

పని ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. లైసెన్సు చూపించమనండి. తమిళనాడులో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. వైర్లు ఐఎస్ఐ గుర్తున్నవి, సీల్ విప్పని 90 మీటర్ల చుట్టలుగా మీ ముందు తెరవాలి. ఎంసీబీ సైజు వైరుకు తగ్గట్టు ఉండాలి, ‘తరచూ పడిపోతోంది’ అని పెద్దది పెట్టనివ్వకండి. అది రెండో పోగు ఫ్యూజు తీగ లాంటి పనే. ప్రతి సర్క్యూట్‌కు విడి న్యూట్రల్ కావాలని ముందే కాగితం మీద రాయించుకోండి. ఏసీ కూడా పెట్టుకునే ఆలోచన ఉంటే లోడు పెంచడానికి ఈబీకి (కరెంటు ఆఫీసుకు) దరఖాస్తు పెట్టుకోండి. మీటరు వరకే వాళ్ల బాధ్యత, అక్కడ్నుంచి లోపలంతా మనదే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు కనీసం ఎర్త్, బోర్డు పని అయిపోవాలి. తడిసిన గోడల మధ్య ఈ పని చేయించడం ఎవరికీ మంచిది కాదు.

ఇంకొక విషయం మీ ఉత్తరంలో ఒక్క వాక్యంగా వచ్చి వెళ్లిపోయింది. పై వాటాలో చంటిబిడ్డతో ఉన్న జంటకు ఇవేమీ తెలియవు. వాళ్ల లైన్లు కూడా మీ మెయిన్ నుంచే వెళ్తున్నాయి, ఆ న్యూట్రళ్లు కలిసి ఉన్నాయన్న అనుమానమూ ఉంది. అద్దె తీసుకుంటున్నవాళ్లుగా చెప్పాల్సిన బాధ్యత మీదే. ఖాళీ చేసి వెళ్లిపోతారేమోనని ఆగకండి. వాళ్ల గీజరు ప్లగ్గు కూడా తీసి ఉంచమనండి, తడి చేతులతో ఇనుప వస్తువులు ముట్టుకోవద్దని చెప్పండి. మెగ్గర్ పరీక్ష రోజున వాళ్ల గదుల్లోనూ రీడింగులు తీయించి, కొత్త బోర్డులో పై వాటాకు విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించండి. దాని మీద టెస్ట్ అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే అది పడిపోవాలి. పడకపోతే చెడిపోయినట్టే, అదే రోజు మార్పించాలి. ఈ సంగతి వాళ్లకూ చూపించండి, మీ బాబుకూ చూపించండి. నొక్కే పని మాత్రం మామగారికి అప్పజెప్పండి.